చిల్లర లెక్క

బ్లైనైలో వాన కురవడం లేదంటే
కురవబోతోందని అర్థం.
ఇక్కడ కొండంతా పలకలే, ఇళ్ల కప్పులూ పలకలే,
సమాధుల మీద రాళ్లూ పలకలే.
వాన వాటి మీద ఏదో రాస్తుంది,
తుడిచేస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది.

ఇద్వల్ తలుపు తీశాడు.
కోటు మీద కోటు, ఆ పైన దుప్పటి, చేతిలో టార్చి.
"లోడెక్కువైంది నెస్టా" అన్నాడు.
"దీపాలార్పాను, టీవీ ఆపాను, పొయ్యి ముట్టుకోలేదు.
ఆ హీటరు పెడితే చాలు,
సగం ఇల్లు గుడ్డిదైపోతోంది."

నలభై ఏళ్లు గనిలో పేలుడు మందు తూచినవాడు.
లెక్క తప్పడం ఆయనకు ఒంటికి పడదు.

హీటరు పక్కింటి మెన్నాది.
ఆమె ఇంట్లో అది హాయిగా మండుతుంది.
ఇక్కడ క్షణం నిలవదు.
పాడైంది అంటగట్టావని ఆయనన్నాడట,
పాడైంది నీ కొంప అని ఆమె అందట.
ఇరవై రెండు రోజులుగా
రెండు గుమ్మాల మధ్య మాట లేదు.

నేను మెట్ల కింద పెట్టె తెరిచాను.
లోడైతే పడేది ఆ చిన్న మీట.
పడింది ఇది,
రెండు వేళ్ల వెడల్పున్న పెద్ద మీట.
దీని వెనక ఒక గుమాస్తా కూర్చుని ఉంటాడు.
వెళ్లిన కరెంటెంత, తిరిగొచ్చిన కరెంటెంత,
ఆయనకు కావలసింది అదొక్కటే.
నువ్వు చలి కాచుకున్నావా, టీ కాచుకున్నావా
పట్టదు.
ఆంపియరుని వెయ్యి ముక్కలు చేస్తే
అందులో ముప్ఫై ముక్కలు కనపడకపోతే చాలు,
ఎవరి ఒంట్లోంచి మట్టిలోకి దిగుతున్నాయో అని
అడగడు, ఆగడు,
తెంచేస్తాడు.

హీటరు ఒప్పుకుంది ముందు.
వేసవంతా మెన్నా కొట్టంలో పడుంది కదా,
దాని కడ్డీల్లో తీగ చుట్టూ తెల్ల పొడి
ఉప్పులా చెమ్మ తాగింది.
తొమ్మిది ముక్కలు కారుస్తోంది.

"చెప్పానా!" అన్నాడు ఇద్వల్.
"ఆగండి" అన్నాను.

దవడల మీటరు పట్టుకుని ఇల్లంతా తిరిగాను.
గొర్రె మాంసంతో నిండిన ఫ్రీజరు: ఆరు.
గోడల చెమ్మ పీల్చే యంత్రం: మూడు.
పెరట్లో పావురాల గూటికి
ఆయన మామగారు ఎప్పుడో లాగిన తీగ,
నాచు పట్టి, సగం మట్టిలో,
ఎవరికీ గుర్తు లేకుండా: ఏడు.
కూడితే ఇరవై అయిదు.
గుమాస్తా నుదుట ముప్ఫై అని రాసున్నా
ఇరవై నాలుగుకే దూకే రకం ఈయన.
ఆయన ఆపినవన్నీ ఏ పాపం ఎరగనివి.
ఆపనివే చిల్లర పోగేసుకుంటున్నాయి.

ఫ్రీజరు ప్లగ్గు లాగి
హీటరు స్విచ్చి నొక్కాను.
ఇద్వల్ కళ్లు మూసుకున్నాడు, గనిలోలా,
చెవుల్లో వేళ్లు పెట్టుకోవడం ఒక్కటే తక్కువ.
ఏమీ కాలేదు.
కడ్డీలు టిక్కు టిక్కుమన్నాయి.
కాసేపటికి కాలిన దుమ్ము వాసన,
తడి కుక్క పొయ్యి పక్కకొచ్చినట్టు.

పావురాల తీగ కోసేశాను.
ఫ్రీజరు మళ్లీ పెట్టాను. నిలిచింది.
హీటరు రెండు గంటలు మండితే
దాని చెమ్మ అదే ఆరుతుంది అన్నాను.
"పావురాలకు దీపమో?" అన్నాడు.
"పావురాలున్నాయా?"
"లేవు. తొంభై ఏడు నుంచీ లేవు."

డబ్బులిచ్చాక వెళ్లనివ్వలేదు.
"నువ్వే చెప్పు మెన్నాకి,
ఆ ముక్కల లెక్క నాకు నోరు తిరగదు."
నేను చెప్పనన్నాను. కరెంటు వరకే నా పని.

గుమ్మం పక్కన విరిగిన కప్పు పలకొకటి.
దాన్ని మోకాలి మీద పెట్టుకుని
సుద్దముక్కతో రాశాడు:
నీ హీటరు తప్పు కాదు.
చాలాసేపు చూసుకున్నాడు.
మోచేత్తో తుడిచాడు.
ఈసారి అక్షరాలు చిన్నవి చేసి, చోటు సరిపెట్టి:
నీ హీటరు ఒక్కదాని తప్పు కాదు.

వానలో తడవకుండా
కోటు కింద దాచుకుని బయల్దేరాడు,
తొమ్మిది అడుగుల దూరం.