తరుగు

మూడొందల నలభై రూపాయలు.
ప్రొద్దుటూరు మెయిన్ బజారు సందులో
బొమ్మల దస్తగిరి అంగట్లో
బేరమాడకుండానే కొన్నా.
తెల్ల అంబాసిడరు, నా చూపుడువేలంత.
"పిల్లోనికా ఆచారీ?" అన్యాడు.
ఊఁ అంటి.
నాకు పిల్లోల్లు లేరని ఆయప్పకు తెలుసు.

పొద్దంతా తాకట్టు ఆఫీసులో నా పని
మందికి గిట్టని మాట చెప్పడం.
గాజులో లక్క ఉండాదమ్మా.
మాటీలో రాగి పాలెక్కువ.
గీటురాయి మీద గీసి, ద్రావకం చుక్క వేసి,
గీత మాయమయ్యేదాకా
ఎదుటి మనిషి మొగం చూడకుండా ఉండడం
ఇరవై రెండేండ్లుగా నేర్చుకుంటాండా.

రాత్రి అన్నం తిని
మా నాయన భూతద్దం కంటికి తగిలించుకుని
కారును పీట మీద పెట్టినా.

ముందు బరువు.
నలభై ఒక్క గ్రాము, మూడువందల మిల్లీ.
పైన జింకు, అడుగున ప్లాస్టిక్కు.
గోటితో కొడితే పైభాగం టిక్కంటాది,
అడుగు మూగది.
పెట్టె మీదా అదే రాసినారు: జింకు, ప్లాస్టిక్కు.
ఈ వారంలో నా పీట మీదికి వచ్చిన వాటిలో
చెప్పిందే లోపల ఉన్నది ఇదొక్కటే.

రంగు రెండు పూతలు, అంతే.
బానెట్టు మడతలో మందంగా నిలిచింది,
పాలగిన్నె అంచున మీగడ మాదిరి.
ముందు జాలీకి వేసిన వెండిరంగు
హద్దు దాటి తెల్లలోకి కారింది.
హెడ్‌లైట్లు ఒకటి తూర్పుకు, ఒకటి ఆగ్నేయానికి చూస్తాయి.
తలుపులు తెరుచుకోవు,
తలుపని ఒక గీత, గీతలో ఇంత నలుపు.
నంబరు ప్లేటు మీద అంకెలున్నాయి గాని
చదవబోతే చీమల అడుగులు.
కిటికీల చుట్టూ పట్టీ మాత్రం, ఒప్పుకోవాల,
వెంట్రుక మందాన, యాడా వణకలేదు.
మంచి చెయ్యి అనుకున్నా.
చెయ్యి కాదు సామీ, మిషను అచ్చు అని
దస్తగిరి ముందే చెప్పినాడు. అయినా అనుకున్నా.

బల్ల మీద తోస్తే మూడు చక్రాలు నడుస్తాయి.
వెనక ఎడమది గాల్లో తిరుగుతాది,
పనీపాటా లేని బామ్మర్ది మాదిరి.

మా నాయనైతే ఇక్కడికే పక్కన పెట్టేసేటోడు.
చవకకూ ఒక అడుగుండాల గదరా, అనేటోడు.
ఆయన చెవికమ్మలకు వెనకవైపు గూడా తీగ చెక్కేటోడు,
పెట్టుకున్న చెవికి తప్ప
ఎవురికీ తెలియని చోట.
దానికి మజూరీ అడిగేటోడు కాదు.
అమ్మ ఊరికే ఉండేది కాదు.

కారును వెల్లకిలా తిప్పినా.
రెండు రివెట్ల నడుమ
గేరుపెట్టె, సైలెన్సరు గొట్టం,
వెనక ఇరుసు కింద కమాను పట్టీలు.
లెక్కపెట్టినా.
భూతద్దం తుడిచి మళ్లీ లెక్కపెట్టినా.
ఒక్కో పక్క ఐదు.
మూడొందల నలభైకి,
కొన్నోడు తిప్పి చూడని చోట,
ఐదు పట్టీలు చెక్కమని
ఎవురు చెప్పినారబ్బా వానికి?

నాయన పట్టుకారు తీసి
వెనక ఇరుసు రొవ్వంత వంచినా.
ఎడమ చక్రం బల్లకు తగిలింది.
ముందు కుడిది లేచింది.
దాన్ని వంచితే ఇంకోటి లేస్తాది.
పట్టుకారు గూట్లో పెట్టినా.

అలవాటుగా చీటీ రాసినా.
స్థూల బరువు, తరుగు, నికరం.
తరుగు కాడ పెన్ను ఆగింది.
జాలీ రాయాలనా, చక్రం రాయాలనా?
కమాను పట్టీలు యాడ కలపాల?
మా చీటీలో తీసేసే గడే ఉంది,
కలిపే గడి లేదు.

తోసి వదిలినా.
జానెడు పోయి, ఎడమకు మళ్లి,
ద్రావకం సీసా పక్కన నిలబడింది.

పొద్దున తాకట్టుకు వచ్చిన మొదటి కమ్మను
ముందు వెనక్కి తిప్పినా.
"ఏంది సామీ, అట్ల చూస్తాండావు?" అనింది ఆయమ్మ.
ఏం లేదమ్మా అంటి.
నున్నగా ఉంది.
పద్దెనిమిది క్యారెట్లు.