తీగపాకం

అనంతపురంలో ఏప్రిల్. ఫ్యాను కూడా వడగాలే విసురుతోంది.
నైట్రోజన్ బుడగలు లెక్కపెడుతూ కూర్చున్నాను.
ఫ్లాస్కులో చక్కెర అణువులు
తెల్లారేలోగా
ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకోవాలి.

అటెండరు కుళ్ళాయప్ప తొంగిచూశాడు:
"ఏం మేడం, పాకం పడుతుండారా?"

పాకమే.
వైరస్ మన కణం మీది తీపిని తడుముతుంది,
చీకట్లో గడియ వెతికే దొంగలాగా.
దాని చేతికి తగిలేలా
దొంగ గడియలు చేస్తున్నా.
ఒకే గొలుసుకు వందల గడియలు.
వెనక తలుపు లేదు,
ఇల్లే లేదు.

నవ్వాడు.
"మా యమ్మ పప్పుచెక్కలకు బెల్లం కాచేది.
నీళ్ళ గిన్నెలో చుక్క వేసేది.
సాగితే తీగ, ఇరిగితే ముదురు.
మీదెట్ల తెలుస్తాది?"

నాది మంచు డబ్బాలో హైదరాబాదు పోవాలి.
పోయినసారి పదకొండు పంపితే
పది ఉత్త తీపి.
ఒక్కటి మాత్రం
దొంగను కాసేపు నిలబెట్టింది. కాసేపే.

కరెంటు పోయింది.
ఫ్లాస్కు అడుగున గిరగిర తిరిగే అయస్కాంతం ఆగింది.
నేను జనరేటరు కోసం పరుగెత్తి వచ్చేసరికి
కుళ్ళాయప్ప
భుజం మీది తువ్వాలుతో ఫ్లాస్కు మెడ పట్టుకొని
మెల్లగా తిప్పుతున్నాడు,

అడుగంటకూడదని.