కాటా గదిలో ఙ

అరవం నాకెవరూ నేర్పలేదు.
వేలూరు బస్సులో కిటికీ సీటు కోసం
పోట్లాడి పోట్లాడి వచ్చేసింది.
కన్నడం, పలమనేరు దాటినాక
టమోటా గంపల మీద కూర్చుని వచ్చింది.
థాయి మాత్రం రానంటోంది.

చిత్తూరంతా తిరిగి చూసినాను.
కొంగారెడ్డిపల్లెలో స్పోకెన్ ఇంగ్లీషుకి మూడు బోర్డులు.
నర్సమ్మల జర్మన్‌కి తిరుపతికి పొమ్మన్నారు.
థాయి అంటే కోచింగు సారు కళ్ళద్దాలు తీసి
"తాయి అంటే అమ్మే గదమ్మా, అరవంలో" అన్నాడు.
ఫీజు మాత్రం అడగలేదు.

అందుకని బడి ఇక్కడే పెట్టుకున్నాను,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాటా గదిలో,
రాత్రి డ్యూటీలో, లారీకీ లారీకీ నడుమ.
పంతులమ్మ ఫోనులో ఉంటుంది.
ఎవరో పిల్ల, పేరు చెప్పదు,
అన్నదే అంటుంది, విసుక్కోదు.
నేనన్నది తప్పో ఒప్పో కూడా చెప్పదు.

మొదటి అక్షరం క, దానికి కోడి బొమ్మ.
తర్వాత ఖ, దానికి గుడ్డు.
కోడి ముందా గుడ్డు ముందా అన్నది
వాళ్ళెప్పుడో తేల్చేసుకున్నారు.
ఇంకొంచెం పోతే ఙ.
మన వరసలో ఐదో గడిలో కూర్చోబెట్టి
జన్మకొక పని చెప్పని ఙ,
వంకర సరిగా తిరగలేదని
ఒకటో తరగతిలో నా వేళ్ళు వాచిన ఙ,
అక్కడ పాము.
ఙాన్ అంటే పని. ఙన్ అంటే డబ్బు.
ఇక్కడ ఉద్యోగం దొరక్క
సముద్రం దాటిపోయి బాగుపడిన అక్షరం.

చెంగల్రాయన్న తూకం చీటీకి వచ్చి
గడప దగ్గరే నిలబడిపోతాడు.
"ఎవురితో మే, ముక్కుతో మాట్లాడతా ఉండావు?"
"పామును పిలస్తా ఉండా అన్నా."
"గోడౌన్లో నిన్ననే ఒకదాన్ని కొట్టినారు,
ఇంకోటి పిలవబాకు."

ఎందుకే నీకీ యావ అంటాడు మా ఆయన.
నిజం చెప్తే నవ్వుతాడని చెప్పలేదు.

పోయిన కాపుకి మిషను బిగించడానికి వచ్చినాడు
ప్రసిత్ అని, యాభై దాటిన మనిషి.
పంతొమ్మిది రోజులు చేతులతోనే మాటలు.
క్యాంటీన్లో ఊరిమిండి తిని
ఇంకా కారం కావాలని గిన్నె చూపేవాడు.
పోయే రోజు లారీల కాటా ఎక్కి నిలబడినాడు, సరదాకి.
తెర మీద అరవై అని పడింది.
నవ్వినాడు. నవ్వు ఆపి, గేటు వైపు చూస్తా
"బాన్ యూ క్లై" అన్నాడు.
నేను ఊఁ అన్నాను.

బాన్ అంటే ఇల్లని మూడో వారంలో తెలిసింది.
యూ అంటే ఉంది.
క్లై దగ్గర ఆగిపోయినాను.
కాటా అంకె కదలకుండా నిలిచినట్టు
సమంగా పలికితే దూరం.
గంప అంచు నుంచి కాయ జారినట్టు
పైనుంచి దించి పలికితే దగ్గర.
ఆ రోజు వెనకాల ఎవడో హారన్ కొడతా ఉండాడు.
మాట మిగిలింది, వంపు పోయింది.
రెండు రకాలుగానూ అని చూస్తాను.
రెండూ ఆయన గొంతులాగే ఉన్నాయి.

మరి నేనన్న ఊఁ ఏ ఊఁ?
అవునా అనే ఊఁనా, అయ్యో అనే ఊఁనా,
కథ వినేవాళ్ళ ఊఁనా,
జరుగు సామీ లారీ వస్తోంది అనే ఊఁనా?
మనకూ ఉన్నాయి ఎత్తులూ పల్లాలూ,
పలక మీద ఎవరూ రాయించలేదు, అంతే.
ఆయనుండే చోట
తెలుగు బడి ఉంటుందని నేననుకోను.

హారన్. పూతలపట్టు లారీ, తోతాపురి.
కావ్ ఫన్ సీ రోయ్ పేత్ సిప్,
పైకే అనేసినాను.
తొమ్మిది వేల నాలుగొందల ఎనభై అని
చీటీలో తెలుగులోనే ఉంది.
అయినా డ్రైవరు దాన్ని
లైటు కింద పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు.