లామినేషన్

పెద్దాసుపత్రి గేటుకెదురుగా
మందుల కొట్టుకీ టీ బండికీ నడుమ ఇరుక్కున్న
నాలుగడుగుల జెరాక్స్ కొట్టు నాది.
పర్లాకిమిడిలో సగం జబ్బులు
ముందు నా అద్దం మీద బోర్లా పడుకుని
తర్వాతే డాక్టరు బల్ల ఎక్కుతాయి.

పాత కార్డు ఇచ్చిన ఏడు
లైను చెరుకురసం బండి దాకా సాగింది.
ఇరవై రూపాయలు పుచ్చుకుని ప్లాస్టిక్కు తొడిగి
"ఇంక తడవదు, చిరగదు" అని చేతిలో పెట్టాను.
మాట తప్పలేదు.
తడవలేదు, చిరగలేదు.
చెల్లదు, అంతే.

దాలినాయుడు కొమ్ము పనివాడు.
గేదె కొమ్ముని సెగ చూపించి మెత్తబరిచి
కొంగ మెడ వంచేవాడు.
ఇప్పుడు ఎడమ ముంజేతి మీద ఉబ్బిన నరమొకటి
ఆ మెడలాగే వంకర తిరిగి ఉంటుంది.
వేలు ఆనిస్తే లోపల గుర్రుమంటుంది.
వారానికి రెండు మార్లు మహేంద్రతనయ దాటి
టెక్కలిలో నెత్తురు కడిగించుకుని
సాయంత్రం బండికి తెల్లగా తిరిగొస్తాడు.
పాత కార్డుకి ఆ ఆసుపత్రి దారి తెలుసు.

కొత్తది ఇంకా మంచిదట.
దేశమంతా చెల్లుతుందట.
మైకు కట్టిన ఆటో నాలుగు రోజులు తిరిగి
ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది.
ఆ దేశంలో ఏటి అవతలి ఒడ్డు ఉందా అని
మైకుని ఎవరడుగుతారు?
"మీ కార్డు మాకింకా ఎక్కలేదు,
నెల పోయాక కనుక్కోండి" అంది అవతలి కౌంటరు.
నెల పోయాక అంటే
ఎనిమిదో తొమ్మిదో సార్లు నెత్తురు.

ఎక్కిన రోజున ఇంకో తిరకాసు.
దాలి కాస్తా కార్డులో డాలి అయ్యాడు.
పళ్ళకి నాలుక తగిలించి తల్లి పిలిచిన పేరు
ఏ ఆఫీసులోనో నాలుక మడతేసుకుంది.
ఆధార్‌లో ఒకడు, కార్డులో ఇంకొకడు,
ఇద్దరు మనుషులంటుంది కంప్యూటరు.
"ఇద్దరున్నారు గానీ
పనిచేసే కిడ్నీ ఒక్కటీ లేదు గదేటి"
అని తనే నవ్వాడు దాలినాయుడు.
ఎర్నమ్మ నవ్వలేదు.
నా దగ్గర పాడైన కాగితం అడిగి వెనకవైపు లెక్క రాసుకుంటోంది:
గొట్టాలు ప్యాకేజీలో ఉన్నాయట,
నెత్తురు పట్టే సూది లేదట,
మొన్నటిదాకా ఉండేదట.
బస్సు రాసింది. తోడు వెళ్ళిన రోజు పోయిన కూలి
రాసి, కొట్టేసి, మళ్ళీ రాసింది.

తిట్టేద్దామనిపిస్తుంది కొత్త కార్డుని.
తిట్టబోతే పోలమ్మ కన్ను అడ్డొస్తుంది.
ఎండుచేపల పోలమ్మకి డెబ్బై మూడేళ్ళు,
తమ్ముడి రేషన్ కార్డులో పేరు లేక
పాత కార్డు దాని మొహమే చూడలేదు.
కొత్తది వయసొక్కటే అడిగిందట.
శుక్లం తీయించుకుని, పైసా పడకుండా,
తిన్నగా నా కొట్టుకొచ్చి తేరిపార చూసి
"ఓలమ్మా, నీ నెత్తి ఇంత నెరిసిపోనాదేటే!" అంది.

లక్ష్మివారం దాలినాయుడు రెండు కార్డులూ తెచ్చాడు.
"వీపూ వీపూ ఆనించి ఒకే ప్లాస్టిక్కులో ఎయ్యమ్మా.
ఏ పక్క తిప్పితే ఎవలు ఊఁ అంటారో."
అంత మందం మిషను మింగదని చెప్పాను.
వినలేదు. నేనూ వినలేదు, పెట్టేశాను.
సగంలో ఇరుక్కుని కమురు వాసన.
"ఆగు, సెగెక్కువైపోనాది" అని
కొమ్ము వంచే ఓపికతో, కుడిచేత్తో,
తొక్క ఒలిచినట్టు మెల్లగా ఇవతలకి లాగాడు.

ఫొటో మీద చిన్న గాలి బుడగ మిగిలింది.
బొటనవేలితో నొక్కాడు.
నుదుటి మీంచి చెంపకి జరిగింది.
చెంప మీంచి పేరు మీదకి.
గుణుపూర్ బండి కూత వినిపిస్తే
కార్డు జేబులో వేసుకుని బేగి బేగి వెళ్ళిపోయాడు.

డబ్బులొద్దన్నాను.
స్టేప్లరు కింద ఇరవై నోటు
రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు కనిపించింది.