పేరు మార్చడం కుదరదు

నైట్ డ్యూటీ దిగి, ఎక్స్‌రే గది చలి ఇంకా వేళ్లలోనే ఉండగా
సండర్లాండ్ హై స్ట్రీట్‌లో క్యూ కట్టాను.
నా ముందు పద్దెనిమిది మంది,
అందరూ నా వయసులో సగం, కొందరు సగంలో సగం.
సీగల్ ఒకటి ఎవరి చేతిలోదో సాసేజ్ రోల్ ఎత్తుకుపోతే
క్యూ అంతా చప్పట్లు కొట్టింది.

"మనవడికా, పెట్?" అన్నాడు కౌంటర్ కుర్రాడు.
ఈ ఊళ్లో అందరూ అందరినీ పెట్ అంటారు,
బస్సు డ్రైవరూ, చేపలమ్మే ఆవిడా,
పెంపుడు పిల్లిని పిలిచినట్టు.
మొదట్లో ఒళ్లు మండేది.
ఇప్పుడు ఎవరైనా అనకపోతే వెలితి.
"నాకే," అన్నాను.
"సీలు విప్పకండి, పదేళ్లాగితే పదింతలు" అని సలహా.
బస్టాప్‌లోనే పళ్లతో చింపాను.

స్పెషల్ ఎడిషన్ అంటే ఏముంది, ఆట పాతదే.
డబ్బా మాత్రం బెల్లప్పాకం రంగు,
అవతలి వైపు అగుపించేంత పలచన.
తీగలు, మరలు, గోరంత స్పీకరు
అన్నీ బయటికే.
ఇరవై రెండేళ్లుగా మనుషుల్ని ఇలాగే చూస్తున్నాను.
ఇది మాత్రం
ఊపిరి బిగబట్టమనకుండానే కనిపించింది.

గడ్డిలో నడిస్తే ఏదో ఒకటి ఎదురొస్తుంది.
కొట్టాలి, చావకుండా కొట్టాలి.
అలిసిపోయాక సీసాలో పట్టాలి.
పట్టాక పేరు. ఇంగ్లీషులో, పది అక్షరాల్లో.
మొదటిది ఆకుబల్లి, కాడలాంటి ఎర్రతోక, పుల్లటి మొహం.
ఆలోచించలేదు, గోంగూర అన్నాను.
తర్వాత దొండకాయ.
కాకరకాయ సరిగ్గా పదికి సరిపోయింది.
గుమ్మడికాయకి ఒక అక్షరం ఎక్కువై తోక తెగింది,
అప్పట్నుంచీ అది తోపుడుబండి కేకలా
గుమ్మడికాయ్.

నా పేరు అలివేలు.
చేరిన రోజే సూపర్‌వైజర్‌కి నోరు తిరగక
సగం కోసి బ్యాడ్జీ మీద ఆలీ అని కొట్టించింది.
ఎవరికీ ఆలిని కాకుండా బతికిన దాన్ని
డిపార్ట్‌మెంటు మొత్తానికీ ఆలీనయ్యాను.
ఈ జోకు చెబితే నవ్వేవాళ్లు
ఇక్కడ ఒక్కరూ లేరు.

మార్చిలో ఒక రాత్రి డెక్లన్ వచ్చాడు,
పదకొండేళ్లు, ఎడమ మణికట్టు విరిగి,
కుడిచేతిలో పాత బూడిదరంగు డబ్బా.
ఫిల్మ్ తీస్తుంటే నొప్పిని మరిచిపోయి
నా జేబులోకే చూశాడు.
"ఆకుబల్లి ఉందా మీ దగ్గర? నాదాంట్లో రాదు."
డాక్టర్ కోసం వాడు, టీ కోసం నేను,
కారిడార్ బెంచీ మీద తీగ కలిపాం.
గోంగూర ఒకసారి వెనక్కి చూసి
(చూసిందనే అనుకుంటాను)
అటు పోయింది.

"గాంగ్... యూరా?"
మార్చబోయాడు. తెర ఒప్పుకోలేదు.
దీనికి వేరొకరు పేరు పెట్టారు. పేరు మార్చడం కుదరదు.
"ఎప్పటికీనా?" అన్నాను.
"ఎప్పటికీ. రూలు."
నేను ఆ వాక్యాన్ని మళ్లీ చదివాను.
టీ చల్లారింది.

బదులుగా వాడిచ్చింది రాతితాబేలు.
పేరు నానా బెవ్.
తాబేలుకి నాయనమ్మ పేరేమిట్రా అనబోయాను.
పక్కనే వాళ్ల నాన్న
నేల మీద పసుపు గీతను చూస్తున్నాడు,
ఎక్కడికో దారి అడిగినట్టు.
ప్లాస్టర్ గదిలోంచి పిలుపొచ్చింది.

నానా బెవ్ ఇప్పుడు నలభై మూడో మెట్టు.
మెల్లగా నడుస్తుంది, తొందరగా పడదు.
దెబ్బ తిన్నప్పుడల్లా తెర రాస్తుంది,
నానా బెవ్ ఇంకా నిలబడే ఉంది.
రోకర్ బీచ్ పక్కనుంచి బస్సు వెళ్తుంటే
ఎండ డబ్బాలోంచి దూరి
నా తెల్ల యూనిఫాం మీద పాకం మరక వేస్తుంది.

ఈ ఊళ్లోనే ఏదో ఒక ఇంట్లో
అట్టు వేలికి రాసుకున్న చేత్తో ఒక పిల్లాడు
గోంగూరని పిలుస్తూ ఉంటాడు.
తప్పుగానే.
కానీ మొత్తం.