గుండోడి చెయ్యి

పదమూడేండ్ల తర్వాత పెట్టె తెరిస్తే
మొదట బయటికొచ్చింది బొద్దింక.
ఆ ఎనకనే గుండోడు.
మా పెట్టెలో నగిచ్చేవాళ్లు ఎప్పుడూ పైనే పండుకుంటారు,
దేవుళ్లు అడుగున, చాపల మధ్య.
ఎందుకని అడిగితే నాయన అనేవాడు:
"జనం లేచిపోయేటప్పుడు
దేవుణ్ణి ఎతుక్కునేంత టైముండదు పాపా."

గుండోడి కడుపుకు ఎలక కొరికిన చిల్లి.
దాన్లోంచి చూస్తే మిద్దె మీద ఆరేసిన చీరలు కనపడతాండాయి.
చినిగిన బొమ్మను ఏట్లో ఇడిసేది మా ఇంటి ఆచారం.
పెన్నలో నీళ్లు లేక వీడు మిగిలిపోయినాడు.
తిప్పక్కకు ముక్కుపుడక రంగు పోయింది గాని
నోరు అట్లనే ఉంది, తెరిచి.

ఉరవకొండ సంత మైదానంలో ఆట, శనివారం.
నాయన కాలంలో తెల్లారేదాకా ఆడిన తెరకు
గంటన్నర ఇచ్చినారు.

మా అన్న కొడుకు వినయ్
మేకతోలు మీద కొత్తవాళ్లను కోసినాడు:
హెల్మెట్టు తీయకుండా అన్నం తినే కంతుల కాంతయ్య,
చంకలో ఫైనాన్సు రసీదు బుక్కు;
ఇల్లు కాలినా ముందు వీడియో తీసే రీళ్ల రేణుక.
రేణుక ఫోనుకు నిజమైన అద్దం అతికించినాడు,
దీపం పడితే జనం మొగాల మీదికి తళుక్కుమంటుంది.
బాగుండాది. అబద్ధమెందుకు చెప్పాల.

గొడవ ఆడ మొదలయింది.
"గుండోడికి పదినిమిషాలు చాలత్తా,
వాని మాటలకు పండ్లూడినాయి" అన్నాడు వినయ్.
మా అన్న తుకోజి బీడీ నలిపి
"మీ కాంతయ్యకు ఇంకా బొడ్డూడలేదు,
వాణ్ణి నమ్మి తెర కట్టాల్నా?" అన్నాడు.
నేను కాగితం మీద నిమిషాలు పంచినా,
అన్నదమ్ములకు చేను పంచినట్ల.
గట్టు యాడేసినా ఒకరి దిక్కు రాళ్లే వచ్చినాయి.

మొదటి అరగంట కాంతయ్యదే.
వాడు తలుపు తడితే తిప్పక్క గాదెలో దూరింది,
బండల మీద పిల్లోళ్లు పడి పడి నగినారు.
ముందు వరసలో బోయ సుంకమ్మ మాత్రం
ఆకు నములుతా, డోలు శబ్దం మీదికి అడిగింది:
"ఏమప్పా, మా గుండోడు సచ్చినాడా?"

అప్పుడే పుటుక్కుమంది.
కాంతయ్య కుడిచెయ్యి దారం తెగి నా ఒళ్లో పడింది, వేళ్లు విరిగి.
చెయ్యి లేనోడు కంతులెట్ల వసూలు చేస్తాడు?
పక్కన వరస కాసుకోని కూచున్న గుండోడి చెయ్యి లాగినా.
నాయన ఏసిన ముడి,
తాత చెక్కిన వేళ్లు, బొటనవేలు కొంచెం పొడుగు.
కాంతయ్య భుజానికి కట్టినా.

తెర మీద
కొత్త హెల్మెట్టు కింద, పొగచూరిన పాత చెయ్యి.
జనం గమ్మునైపోయినారు.
సుంకమ్మ లేచి నిలబడింది:
"అది వాని చెయ్యి! తిప్పక్కను కొట్టే చెయ్యి!
దొంగనాయాలా, యాడెత్తుకొస్తివిరా?"

ఇంగ రాసుకున్న మాటలేవీ పనికి రాలేదు.
గుండోణ్ణి తెరకెక్కించినా, ఒంటిచేత్తోనే.
"ఒరే కంతులోడా,
వడ్డీ కింద చెయ్యి పట్టుకపోతే
అసలు కింద ఏం పట్టుకపోతావురా?"
కాంతయ్య దానికీ రసీదు చింపిచ్చినాడు.
మొగుని చెయ్యి పోయినందుకు
తిప్పక్క దేవునికి టెంకాయ కొట్టింది.
రేణుక అదంతా వీడియో తీస్తాంటే
అద్దం వెలుగు పోయి
సుంకమ్మ బోసినోట్లో ఆడింది.

ఎవరికెన్ని నిమిషాలయినాయో నేను లెక్క పెట్టలేదు.
లైట్లు ఆర్పుతామని
మైకు వాళ్లు రెండుమార్లు చెప్పినారంట.

రాత్రి లారీ కాడ వినయ్ సూదిలో దారమెక్కిచ్చి అడిగినాడు:
"అత్తా, చెయ్యి ఎవరికి కుట్టాల?"
మా అన్న వేరే దిక్కు చూస్తాండాడు.
"కుట్టొద్దు నాయనా," అన్నా, "జారుముడి ఎయ్యి."

పెట్టె సర్దేటప్పుడు మళ్లా గొడవ,
అందరికన్నా పైన ఎవరు పండుకోవాలని.
అదింకా తేలలేదు.