సున్నా దగ్గర

నర్సాపురం ఐసు ఫ్యాక్టరీలో నాది రాత్రి డ్యూటీ.
గొట్టాల్లో అమ్మోనియా.
ద్రవంగా వెళ్ళి, ఆవిరయ్యే చోట
ఉప్పునీళ్ళ ఒంట్లో వేడిని లాక్కుంటుంది.
ఉప్పునీళ్ళు డబ్బాల్లోని మంచినీళ్ళ మీద పడతాయి.
ఒకరి వేడి ఇంకొకరు మోసి
చివరికి ఆ మూటని డాబా మీద నీటిధారల్లో దించుకుంటారు.
చలిని ఎవరూ తయారుచెయ్యరు,
మేం చేసేది వేడిని సాగనంపడం.
కొత్తగా చేరిన గోవిందు నమ్మలేదు.
గొట్టం మీది నూగుమంచు గోటితో గీకి
నాలిక మీద పెట్టుకున్నాడు.

తెల్లారుజామున క్రేను డబ్బాలెత్తుతుంది.
కాసేపు మామూలు నీళ్ళలో ముంచితే
గోడల్ని వదిలి దిమ్మ జారుతుంది,
అంచులు అద్దం, నడుమ పాలతెలుపు.
గడ్డకడుతూ కడుతూ నీళ్ళు
తమలో ఉన్న గాలినంతా లోపలికి నెట్టేస్తాయి.
బయటికి పోలేని ఊపిరి అది.

పైన ఊక కప్పుతాం.
సార్వా బియ్యం మేం తింటే
దాని తొడుగు ఐసు కట్టుకుంటుంది.

అయిదింటికి పంటు దిగి ఆదిలచ్చి.
"సగం దిమ్మ కొట్టు. మొన్నటిది శనారం ఇస్తాను."
గంపలో చందువాలు, సావడాయిలు.
భీమవరం బస్సులో వెనకసీటు కింద నించి
సన్నటి నీటిగీత, కండక్టరు అరుపులు.
పాలకొల్లు దాటేసరికి ఆ తడి
మబ్బు ఖాతాలోకి పోతుంది.
"నువ్వమ్మేది ఐసు కాదబ్బాయ్, గడువు" అంటుంది.

గోవిందుకి చూపించాను:
గిన్నెలో ఐసుముక్కలు, థర్మామీటరు, కింద స్టవ్వు.
గరిటెతో కలుపుతూనే ఉన్నాడు,
మంట మండుతూనే ఉంది,
పాదరసం సున్నా దాటదు.
"చెడిపోయిందేమో" అన్నాడు.
చెడిపోలేదురా. ఇచ్చిన వేడంతా
లోపలి పట్లు విప్పడానికే ఖర్చవుతోంది.
చివరి పలుకు కరిగేదాకా
పైకి ఏమీ కనబడదు.

అంటుంటే గుర్తొచ్చింది.

పోయిన భాద్రపదం, అమావాస్య పోటుకి
పల్లిపాలెంలో ఆదిలచ్చి ఇంటిని
సముద్రం రెండు విడతల్లో తీసుకుంది,
ముందు వంటపాక, తెల్లారాక గోడలు.
మర్నాడు అయిదింటికే వచ్చింది.
సగం దిమ్మే అడిగింది.
మొహంలో ఏ గీతా కదల్లేదు.
గట్టి మనిషి, అనుకున్నాం.

ఇరవై రోజుల తర్వాత
చిల్లరిస్తుంటే నా చేతిలోంచి రెండ్రూపాయల బిళ్ళ
జారి ఊకలో పడింది.
పోనీలే, ఇంకోటిస్తాను, అనబోయాను.
ఆవిడ మోకాళ్ళ మీద కూలబడి
రెండు చేతులా ఊకని తవ్వుతూ తవ్వుతూ
ఏడ్చింది,
క్రేను ఆపేశారు.

గోవిందు స్టవ్వు కట్టెయ్యబోతే
ఉండమన్నాను.
గిన్నెలో ఇంక ముక్కలు లేవు.
పాదరసం కదిలింది.
ఒకటి.
రెండు.